సాబియీన్ ఇప్పుడెక్కడున్నారు?

రమజాన్ మొదటి రాత్రి తరావీహ్‌లోనే మన చెవిన పడే మాటల్లో ఒకటి "సాబియీన్". సూరె బఖరాలో ఒకసారి, సూరె మాయిదాలో ఒకసారి, సూరె హజ్‌లో ఒకసారి, మొత్తం మూడు చోట్ల ఖురాన్ వాళ్ల పేరెత్తింది. యహూదీల పక్కన, నసారాల పక్కన చోటిచ్చి మరీ చెప్పింది. నసారాలు మన గల్లీ చివరే ఉంటారు. మజూసీలంటే హైదరాబాద్‌లో పార్సీల అగియారీ ఉంది. మరి ఈ సాబియీన్ ఎవరు? ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో ఈ సవాల్ అడిగితే, "సితారాలను పూజించే ఓ పాత ఖౌమ్ బేటా, ఇప్పుడు లేరు" అని జవాబొచ్చింది. మీలో చాలామందికి ఇలాంటి జవాబే దొరికి ఉంటుంది.

వాళ్లున్నారు. ఆదివారం పొద్దున ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమర పెన్రిత్ దగ్గర నెపియన్ దరియా ఒడ్డుకు వెళ్తే కనిపిస్తారు. తెల్లటి లిబాస్, తెల్లటి అమామా, పొడవాటి గడ్డాలు, చేతిలో కర్రలు పట్టుకుని నడుముల్లోతు నీళ్లలో నిలబడ్డ పెద్దమనుషులు. మన తెలుగు పిల్లలు, హైదరాబాదీ పిల్లలు ఎక్కువగా ఉండే హారిస్ పార్క్, ప్యారామాటా, వెస్ట్‌మీడ్‌ల నుంచి అదే రైలు లైన్లో పడమరకు పోతే పెన్రిత్ వస్తుంది. ఆ పిల్లల్లో ఎంతమంది ఆ స్టేషన్ దిగి చూశారో గానీ, తరావీహ్‌లో విన్న పేరున్న మనుషులు అక్కడున్నారు.

తమను తాము వాళ్లు మందాయీలు అని పిలుచుకుంటారు. వాళ్ల ఆరామీ జబాన్‌లో "మందా" అంటే ఇల్మ్, మారిఫత్ అనుకోండి. ఇరాక్‌లో పొరుగు అరబ్బులు వాళ్లను "సుబ్బా" అంటారు, అంటే నీళ్లలో మునిగేవాళ్లు. అసల్ వతన్ దక్షిణ ఇరాక్‌లో దజ్లా, ఫురాత్ కలిసే చిత్తడి నేలలు, ఇరాన్ వైపు ఖూజిస్తాన్‌లో కారూన్ నది ఒడ్డు. అమారా, ఖలాత్ సాలెహ్, సూఖ్ అల్ షుయూఖ్, నాసిరియా, బస్రా, అహ్వాజ్. ఏ ఊరు చూసినా నీళ్ల పక్కనే. దానికో కారణముంది, దాని సంగతి తర్వాత.

ముందు సితారాల తిరకాసు చూద్దాం. సాబీలు అనే పేరు చరిత్రలో రెండు గుంపులకు తగులుకుంది. ఒకటి ఇప్పటి తుర్కియాలోని హర్రాన్ వాళ్లు. వాళ్లు నిజంగానే గ్రహాలను కొలిచేవాళ్లు. ఖలీఫా మామూన్ 830లో అటుగా పోతూ "మీరెవరు, మీ కితాబ్ ఏది?" అని నిలదీస్తే, జాన్ కాపాడుకోవడానికి ఖురాన్‌లో ఉన్న ఆ పేరు తగిలించుకున్నారని ఇబ్న్ నదీమ్ తన ఫిహ్రిస్త్‌లో రాశాడు. గొప్ప రియాజీదాన్ సాబిత్ ఇబ్న్ ఖుర్రా ఆ హర్రాన్ వాడే. రెండో గుంపు ఇరాక్ చిత్తడి నేలల్లో ఉండేవాళ్లు. ఇబ్న్ నదీమ్ వాళ్లను "ముగ్తసిలా" అన్నాడు, గుస్ల్ చేసే జనం అని. అల్ బిరూనీ అయితే అసలు సాబీలు వాసిత్ వైపు ఉండేవాళ్లే, హర్రాన్ వాళ్లు కారని తేల్చేశాడు. మన మందాయీలు ఈ రెండో గుంపే.

మనం హనఫీలం కాబట్టి ఇంకో మాట. ఇమామ్ అబూ హనీఫా సాబీలను అహ్లె కితాబ్‌లో లెక్కేశారు. వాళ్ల జబీహా తినొచ్చు, వాళ్ల ఆడపిల్లతో నికాహ్ జాయజ్ అన్నారు. ఆయన ఇద్దరు షాగిర్దులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ కాదన్నారు. దీని మీద హిదాయాలో భలే వివరణ ఉంది. ఇది మస్అలాలో ఇఖ్తిలాఫ్ కాదట, సాబీలు ఎవరన్న ఖబర్‌లో తేడా అట. వాళ్లకు కితాబ్ ఉందని విన్నాయన ఒకలా చెప్పారు, సితారాలను పూజిస్తారని విన్నవాళ్లు ఇంకోలా చెప్పారు. పన్నెండు వందల ఏళ్ల కింద కూఫా, బాగ్దాద్‌లలో కూర్చున్న ఇమాములకే రెండు రకాల ఖబర్లు అందాయి. అయితే వాళ్లు ఖబర్ తెలుసుకోవాలని చూశారు. "ఇప్పుడు లేరు" అని కితాబ్ మూసేయలేదు.

ఇక వాళ్ల దీన్. హజ్రత్ యహ్యా అలైహిస్సలాం వాళ్లకు అందరికన్నా పెద్ద ఉస్తాద్. ఆదమ్ నుంచి మొదలైన ఇల్మ్‌ను ఆయన మళ్లీ నిలబెట్టాడని నమ్ముతారు. జకరియా అలైహిస్సలాంకు ముసలితనంలో పుట్టిన యహ్యా ఖిస్సా మనకు సూరె మర్యంలో ఉన్నట్టే వాళ్ల "దరాషా ద్ యహ్యా" కితాబ్‌లోనూ వాళ్ల పద్ధతిలో ఉంది. పెద్ద కితాబ్ పేరు "గింజా రబ్బా", అంటే మహా ఖజానా. దానికి కుడి భాగం, ఎడమ భాగం అని రెండున్నాయి. ఎడమ భాగాన్ని రాసి పెట్టినవాళ్లలో పేరు తెలిసిన అందరికన్నా పాత కాతిబ్ ఓ ఆడామె, పేరు షలామా. మన బహెన్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇదంతా చదివి "ఇంకేం, మనవాళ్లే" అనుకోవద్దు. హజ్రత్ ఇబ్రాహీం, మూసా, ఈసా అలైహిముస్సలాంలను గానీ, మన ఆఖరీ నబీని గానీ వాళ్లు పైగంబర్లుగా మానరు. ఖత్నా వాళ్ల మజ్‌హబ్‌లో మనా. మనకూ వాళ్లకూ మధ్య దూరం చిన్నదేం కాదు. పొరుగువాడిని గౌరవించడానికి వాడు మనలా ఉండాలన్న షర్త్ మాత్రం లేదు.

నీళ్ల సంగతికొస్తాను. వాళ్ల ఇబాదత్ అంతా పారే నీళ్లలోనే. దాన్ని "యర్దనా" అంటారు. జోర్డాన్ నది పేరే అది, కానీ పారే ప్రతి దరియా వాళ్లకు యర్దనానే. మన ఫిఖహ్‌లో మా-ఎ-జారీకి, నిలవ నీళ్లకు హుకుం వేరువేరుగా ఉంటుందిగా, వాళ్లు ఆ తేడాను ఇంకా చాలా దూరం తీసుకెళ్లారు. పారే నీళ్లు బతికున్న నీళ్లు, నూర్ లోకం నుంచి దిగివచ్చినవి. పొద్దున్నే చేసే "రిషామా" మన వుజూకు చాలా దగ్గరగా ఉంటుంది. చేతులు, మొహం, చెవులు, నోరు, ముక్కు, కాళ్లు. ఆదివారాలు, పండుగలు, పెళ్లిళ్లకు "మస్బుతా" చేస్తారు. "రస్తా" అనే తెల్లటి బట్టలు వేసుకుని నదిలో దిగితే పండితుడు మూడుసార్లు ముంచుతాడు, మూడు గుక్కలు ఆ నీళ్లే తాగిస్తాడు, తలకు పచ్చటి రెమ్మతో చేసిన చిన్న వలయం పెడతాడు. ఒడ్డుకొచ్చాక నొసటన నువ్వుల నూనె, తర్వాత రొట్టె ముక్క, నీళ్లు. చివర కుడిచెయ్యి కలుపుతారు, దాన్ని "కుష్తా" అంటారు, సచ్చాయీ అని మానే. క్రైస్తవుల బాప్తిస్మంలా ఒక్కసారితో అయిపోదు. జిందగీ అంతా చేస్తూనే ఉంటారు.

చేతి పని చెప్పకపోతే ఈ ఖౌమ్ కథ సగమే. పడవలు కట్టడం, కమ్మరి పని, అన్నిటికన్నా ముందు వెండి పని. మన బీదరీ చూశారుగా. నల్లటి లోహంలో వెండి తీగ పొదుగుతారు. మందాయీ సునార్లది దీనికి ఉల్టా. వెండిని చెక్కి ఆ గాట్లలో నల్లటి మినా నింపి కాలుస్తారు. సిగరెట్ డబ్బాలు, చెంచాలు, ఉంగరాల మీద ఖర్జూర చెట్లు, ఒంటెలు, దజ్లా మీద పడవలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్ వెళ్లిన ఇంగ్లీషు సిపాయిలు అమారా నుంచి ఇవి కొని ఇంటికి పట్టుకెళ్లారు. ఇప్పటికీ పాత సామాన్ల వేలాల్లో కనిపిస్తుంటాయి.

ఇస్లామీ ఫౌజులు ఇరాక్ వచ్చినప్పుడు అనూష్ బర్ దంఖా అనే తమ పెద్ద ముస్లిం అమీర్ ముందుకెళ్లి, గింజా చూపించి, యహ్యా పేరు చెప్పి అమాన్ తెచ్చుకున్నాడని మందాయీల రివాయత్. ఆ అమాన్ మీద పదమూడు వందల ఏళ్లు గడిచాయి. మధ్యలో అంతా చల్లగా ఉందని నేను చెప్పను. మారణకాండలున్నాయి, జబర్దస్తీ మతమార్పిడులున్నాయి. కానీ ఖౌమ్ మిగిలింది, కితాబ్ మిగిలింది.

ఒకసారి మాత్రం ఖతం అయిపోవాల్సింది. 1831లో దక్షిణ ఇరాక్‌ను హైజా చుట్టేసింది. మందాయీ పండితులు ఒక్కరు కూడా మిగలలేదు. ఇది ఎంత పెద్ద ఆఫత్తో అర్థం కావాలంటే వాళ్ల పండితుల తరీఖా తెలియాలి. మామూలు పండితుడు "తర్మిదా", పైన "గంజిబ్రా", అందరికీ పెద్ద "రిషమ్మా". తర్మిదా కావాలంటే అతన్ని తయారు చేయడానికి గంజిబ్రా ఉండాలి. మన దగ్గర హదీస్ సనద్ ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కు దిగినట్టు, అక్కడా చెయ్యి మీద చెయ్యి దిగుతూ రావాలి. గొలుసు తెగితే మస్బుతా లేదు, నికాహ్ లేదు, మయ్యత్‌కు దువా లేదు. అప్పుడు యహ్యా బిహ్రామ్, రామ్ జిహ్రూన్ అని పండితుల ఇళ్లలో పుట్టిన ఇద్దరు చదువుకున్న జవాన్లు ముందుకొచ్చారు. తండ్రుల దగ్గర చూసింది, కితాబుల్లో చదివింది పట్టుకుని, గంజిబ్రా లేకుండానే పండితులను మళ్లీ నిలబెట్టారు. ఈ రోజున్న పండితుల సిల్సిలా అంతా అక్కడి నుంచే. కాయిదా ప్రకారం చూస్తే ఇది గలత్. కాయిదానే పట్టుకుని కూర్చుంటే ఈ రోజు సాబీ అనేవాడే ఉండేవాడు కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, సిడ్నీలో మళ్లీ పనికొస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో వాళ్లు బాగ్దాద్‌కు వచ్చి చదువుకున్నారు. ఖలాత్ సాలెహ్‌లో పుట్టిన అబ్దుల్ జబ్బార్ అబ్దుల్లా అమెరికాలో ఎంఐటీలో డాక్టరేట్ చేసి, వాతావరణ శాస్త్రంలో పేరు తెచ్చుకుని, బాగ్దాద్ యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యాడు. 1963 తఖ్తా పలట్ తర్వాత ఆయన్ను కుర్చీ దింపి జైల్లో పెట్టారు. 1969లో అమెరికాలో పోయాడు. షాయిరా లమియా అబ్బాస్ అమారా పేరు అరబీ అదబ్ తెలిసినవాళ్లకు తెలుసు. ఆమె కూడా 2021లో కాలిఫోర్నియాలోనే కన్ను మూసింది. సద్దాం జమానాలో ఖౌమ్‌కు కొంత చోటుండేది. 2001లో గింజా అరబీ తర్జుమా బాగ్దాద్‌లోనే అచ్చయింది. కానీ ఆయుధం పట్టడం హరామ్ అనే మజ్‌హబ్ పిల్లలను ఎనిమిదేళ్లు ఇరాన్ జంగ్‌కు తోలింది ఆ హుకూమతే. 1991 బగావత్ తర్వాత చిత్తడి నేలలకు నీళ్లు రాకుండా కట్టలు కట్టి ఎండబెట్టిందీ అదే. అటు ఇరాన్‌లో 1979 ఇన్‌ఖిలాబ్ తర్వాత రాసిన దస్తూర్ యహూదీలను, ఈసాయీలను, జర్తుష్తీలను గుర్తించింది, సాబీలను వదిలేసింది. తర్వాత ఖామెనీ వాళ్లు అహ్లె కితాబ్‌లో వస్తారని ఫత్వా ఇచ్చినా, కాలేజీ సీట్లలో, సర్కారీ నౌకరీల్లో తలుపులు తెరుచుకోలేదు.

2003 తర్వాత జరిగింది రాయాలంటే కలం బరువవుతుంది. అమెరికా ఫౌజు సద్దాంను కూల్చింది, దాంతో పాటు కానూన్ కూడా పోయింది. సాబీలకు కబీలా బలం లేదు, మిలీషియా లేదు, తుపాకీ పట్టరు, చేతిలో బంగారం దుకాణం ఉంది. డబ్బు కోసం ఎత్తుకుపోయారు, దుకాణాల్లో చంపారు, "కలిమా చదువు లేదా ఊరు వదులు" అని చీటీలు వేశారు. కొందరు ఇది డబ్బు కోసం గూండాలు చేసిన పని, దీన్‌తో తఅల్లుఖ్ లేదంటారు. నేనొప్పుకోను. దోచేవాడు గూండానే కావచ్చు, కానీ "వాడు కాఫిర్, వాడి మాల్ హలాల్" అని మనసుకు చెప్పుకుని దోచాడు. మన ఇమామ్ ఎ ఆజమ్ అహ్లె కితాబ్ అన్న జనాన్ని, ఆయన సొంత కూఫా ఉన్న ముల్కులో, ఆయన్ను దఫన్ చేసిన బాగ్దాద్‌లో తరిమారు. ఇక్కడ అఖలియత్‌గా బతుకుతూ జుల్మ్ గురించి రోజూ మాట్లాడే మనం దీని గురించి కూడా మాట్లాడాలి. లేకపోతే మన మాటకు వజన్ ఉండదు.

2003కు ముందు ఇరాక్‌లో యాభై, అరవై వేల మంది ఉండేవాళ్లని అంచనా. కొన్నేళ్లలోనే అది అయిదారు వేలకు పడిపోయింది. డమాస్కస్ శివారు జరమానాలో, అమ్మాన్‌లో కిరాయి గదుల్లో ఏళ్లకేళ్లు వీసాల కోసం ఎదురుచూశారు. 2011లో సిరియా కూడా అంటుకుంది. స్వీడన్, ఆస్ట్రేలియా, అమెరికాలో వూస్టర్, శాన్ డియాగో, శాన్ ఆంటోనియో, ఇంకా హాలెండ్, జర్మనీ. దునియా మొత్తంలో అరవై, డెబ్భై వేలకు మించని ఖౌమ్ ఇన్ని ముల్కులకు చెదిరింది. 2007లోనే నాథనియల్ డాయిచ్ అనే ప్రొఫెసర్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు, వీళ్లను ఒక్కచోట చేర్చకపోతే మజ్‌హబే మాయమవుతుందని. ఒక్కచోట ఎవరూ చేర్చలేదు. ఎక్కడ వీసా దొరికితే అక్కడికి పోయారు.

సిడ్నీలో మాత్రం ఓ పది వేల మంది దాకా పోగయ్యారు, ఎక్కువగా లివర్‌పూల్, ఫెయిర్‌ఫీల్డ్ వైపు. అక్కడికి చేరడం కూడా సాఫీగా జరగలేదు. 2000 ప్రాంతంలో పడవల్లో వచ్చిన వాళ్లను ఆస్ట్రేలియా సర్కార్ వూమెరా లాంటి ఎడారి డిటెన్షన్ క్యాంపుల్లో పెట్టింది. నీళ్ల ఖౌమ్‌కు ఎడారిలో ముళ్లకంచె. అక్కడ తోటి ఖైదీలు, ముసల్మాన్లు, మందాయీ కుటుంబాలను "నజిస్" అని దూరం పెట్టారని, పిల్లలను వేధించారని ఫిర్యాదులు నమోదయ్యాయి. ఒకే జాలిమ్ నుంచి పారిపోయి వచ్చి, ఒకే కంచె వెనక ఉండి, అక్కడ కూడా.

బయటికొచ్చాక మొదట వెతికింది పారే నీళ్లనే. లివర్‌పూల్‌లో మందీ కట్టుకున్నారు. మందీ అంటే వాళ్ల ఇబాదత్ఖానా. వాలేషియాలో నెపియన్ దగ్గర ఇంకోటి. స్వీడన్‌లో చలికి నదులు గడ్డ కడతాయి కదా, దక్షిణాన డాల్బీలో 2018లో పెద్ద మందీ తెరిచారు. చలి దేశాల్లో మందీ లోపలే నీళ్లు కదిలే కొలను కట్టుకున్నారు. గోడల మధ్య తిరిగే నీళ్లు యర్దనా అవుతాయా అని పండితుల్లో బహస్ ఉంది. ట్రైన్‌లో నమాజ్ మస్అలా మీద మన ఇళ్లలో జరిగే బహస్ గుర్తొస్తుంది నాకు.

వాళ్ల కాలెండర్‌కు లీప్ సంవత్సరం లేదు. పన్నెండు ముప్పై రోజుల నెలలు, పైన అయిదు పాక్ రోజులు, "పర్వనాయా". మన రమజాన్ ఏడాదికి పది, పదకొండు రోజులు వెనక్కి జరిగితే వాళ్ల పండుగ నాలుగేళ్లకు ఒక రోజు జరుగుతుంది. ఇప్పుడు మార్చి మధ్యలో వస్తోంది. ఇరాక్‌లో అది బహార్, దజ్లా నిండే కాలం. సిడ్నీలో ఆకులు రాలడానికి ముందు రోజులు. జూలైలో కొత్త సంవత్సరానికి ముప్పై ఆరు గంటలు తలుపులు వేసుకుని, నీళ్లు ముట్టకుండా ఇంట్లో ఉంటారు. బస్రాలో మండే ఎండలో చేసేది ఇప్పుడు చలికాలంలో చేస్తున్నారు. వాళ్ల ఖిబ్లా ఉత్తరం, ధ్రువతార ఉన్న వైపు. మయ్యత్‌ను కూడా లేస్తే ఉత్తరం చూసేలా పెడతారు. సిడ్నీ ఆకాశంలో ధ్రువతార ఏ రాత్రీ కనిపించదు. దిక్కు లెక్క చూసుకుని నిలబడతారు.

ఇవన్నీ సర్దుకునేవే. సర్దుకోనిది నికాహ్. మందాయీ కావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ మందాయీలై ఉండాలి. బయటి నుంచి ఎవరినీ కలుపుకోరు. బయట చేసుకున్న వాళ్ల పిల్లలకు మస్బుతా లేదు. అమారాలో అందరూ ఒకే మొహల్లాలో ఉన్నప్పుడు ఇది గోడలా కాపాడింది. స్టాక్‌హోమ్‌లో, సిడ్నీలో యూనివర్సిటీకి వెళ్లే పిల్లలకు అదే గోడ ఖౌమ్‌ను ఏటేటా చిన్నది చేస్తోంది. తలుపు కాస్త తెరవాలని కొందరు, తెరిస్తే మనం మిగలమని పండితుల్లో చాలామంది. 1831లో కాయిదా పక్కన పెట్టి ఖౌమ్‌ను కాపాడుకున్నవాళ్లు ఇప్పుడు ఏం చేస్తారు? నా రాయి అడిగితే తెరవడమే మంచిదంటాను. కానీ బయటివాడి రాయి ఇది, దానికి ఎంత విలువుందో మీకూ తెలుసు.

పండితులు చాలా తక్కువ. తర్మిదా కావడం తేలిక కాదు. ఏడు రోజులు రాత్రీ పగలూ నిద్ర లేకుండా మేలుకోవాలి, ఆపైన అరవై రోజులు పాక్‌గా, వేరుగా గడపాలి. జిందగీ అంతా గడ్డం, జుట్టు కత్తిరించకూడదు. సిడ్నీలో ఇంజినీరో అకౌంటెంటో అయిన కుర్రాడు దీనికి సిద్ధపడడం చిన్న మాట కాదు. అయినా కొత్త తర్మిదాలు తయారవుతున్నారు.

జబాన్ సంగతి నాకు బాగా అర్థమవుతుంది. దువాలు మందాయీలో, ఇంట్లో అరబీ, బడిలో ఇంగ్లీషు. నమాజ్ అరబీలో చదివి, అమ్మీతో దక్కనీలో మాట్లాడి, ఉర్దూలో బడి చదివి, తెలుగులో డిగ్రీ చేసి తెలుగులో పొట్టపోసుకుంటున్న నాకు, ఆ పిల్లల నోట్లో తిరిగే మూడు నాలుకలు కొత్తగా అనిపించవు. తేడా ఏంటంటే మన అరబీకి, ఉర్దూకు కోట్ల మంది ఉన్నారు. మందాయీ ఇంట్లో మాట్లాడేవాళ్లు ఇరాన్ వైపు కొన్ని వందల మందే మిగిలారు. 2010లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. 2011లో కార్లోస్ గెల్బర్ట్ ఇంగ్లీషు గింజా సిడ్నీ నుంచే అచ్చయింది. తాతలు కంఠస్థం చేసింది మనవలు ఫోన్లో వెతుక్కుంటున్నారు.

ఇరాక్‌లో అందరూ ఖాళీ చేయలేదు. 2005 దస్తూర్‌లో సాబియన్ మందాయీల పేరు సాఫ్‌గా రాశారు, పార్లమెంట్‌లో ఒక సీటు వాళ్లకు కేటాయించారు. జనం పోయాక హక్కు వచ్చింది. బాగ్దాద్ ఖాదిసియా మొహల్లాలో దజ్లా ఒడ్డున వాళ్ల మందీ ఉంది. ఖౌమ్ పెద్ద రిషమ్మా సత్తార్ జబ్బార్ హిలో ముల్కు వదలకుండా అక్కడే ఉన్నారు. దజ్లా నీళ్లు ఇప్పుడు తగ్గిపోయాయి, మురికి కూడా కలుస్తోంది. అయినా ఆదివారం పొద్దున తెల్లబట్టలతో మెట్లు దిగుతారు. నెపియన్ దగ్గర ఆ సరికి మధ్యాహ్నం దాటి, తడి రస్తాలు పిండుకుని కార్లలో పెట్టుకుంటూ ఉంటారు.